బొమ్మ వస్తుంది, మాట రాదు: కంప్యూటర్‌లోని ఇంటి వీడియోలు టీవీలో ఆడాలంటే

సెలవు మీద దుబాయ్ నుంచో దమ్మామ్ నుంచో కొడుకు ఇంటికొచ్చిన రాత్రి. భోజనాలయ్యాయి, దస్తర్‌ఖాన్ ఎత్తేశారు, అందరూ హాల్లో టీవీ ముందు కూర్చున్నారు. తాను లేనప్పుడు జరిగిన చెల్లెలి నికాహ్ వీడియో చూడాలి. లాప్‌టాప్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి టీవీ వెనక గుచ్చుతారు. ఫైల్ పేరు కనిపిస్తుంది, నొక్కితే ‘ఈ ఫైల్‌కు సపోర్ట్ లేదు’ అని వస్తుంది. ఇంకోసారి బొమ్మ చక్కగా వస్తుంది, ఖాజీ సాబ్ పెదవులు కదులుతుంటాయి, ‘ఖుబూల్ హై’ అన్న మాట మాత్రం వినిపించదు. దాదీ అమ్మ ‘టీవీ ఖరాబైందా?’ అంటుంది, తమ్ముడు ‘ఫైలే ఖరాబైంది’ అంటాడు.

చాలాసార్లు రెండూ ఖరాబు కావు. అదే ఫైల్ లాప్‌టాప్‌లో మాటతో సహా ఆడుతుంది. టీవీకి ఆ ఫైల్‌లోని ఏదో ఒక భాగం చదవడం రాదు, అంతే. ఆ భాగమేదో తెలుసుకుంటే పని పది నిమిషాల్లో అవుతుంది. తెలియకుండా తొందరపడితే మాత్రం, ఒక్కటే కాపీ ఉన్న వీడియో చేజారిపోయే ప్రమాదం ఉంది.

నిజామాబాద్ జిల్లా నుంచి గల్ఫ్‌కు పనికి పోవడం దశాబ్దాల నాటి సంగతి. నిజామాబాద్ పట్టణంలోని అహ్మద్‌పురా కాలనీలో చూసినా, 25 కిలోమీటర్ల దూరంలోని బోధన్‌లో చూసినా, పెళ్ళిలో ఉండాల్సిన ఒకరు దేశం బయట ఉన్న ఇళ్ళు చాలా ఉంటాయి. వాళ్ళ కోసమే మంఝా నుంచి వలీమా దాకా అన్నీ తీయిస్తారు. కొన్నేళ్ళు గడిచాక ఆ వీడియోలోనే ఇప్పుడు లేని నానా గొంతు, నానీ దుఆ మిగులుతాయి. కాబట్టి ఏం చేసినా ముందు ఒక మాట గుర్తుంచుకోవాలి. అసలు ఫైల్‌ను ముట్టుకోవద్దు, దాని కాపీ మీదే ప్రయోగాలు చేయాలి.

డబ్బా ఒకటి, లోపలి మిఠాయి వేరు

కంప్యూటర్‌లో ఒక వీడియో ఆడకపోతే ఇంకో సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు. ప్యారిస్‌లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన పని నుంచి పుట్టిన వీఎల్‌సీ ప్లేయర్ ఉచితంగా దొరుకుతుంది, పాతవీ కొత్తవీ దాదాపు అన్ని రకాల ఫైళ్ళనూ ఆడిస్తుంది. టీవీ అలా కాదు. అందులో వీడియోను విప్పి చూపించే పని ఒక చిన్న చిప్ చేస్తుంది. ఆ చిప్‌కు కొన్ని పద్ధతులే నేర్పి ఫ్యాక్టరీ నుంచి పంపుతారు. నేర్పనిది వచ్చిందంటే చేతులెత్తేస్తుంది.

ఇక్కడ జనం ఎక్కువగా పొరపడేది ఫైల్ పేరు చివర ఉండే అక్షరాల దగ్గర. ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ, ఎంఓవీ అనేవి డబ్బాల పేర్లు. డబ్బా మీద పేరు చూసి లోపల ఏ మిఠాయి ఉందో చెప్పలేం కదా. అలాగే ఎంపీ4 డబ్బాలో బొమ్మ ఒక పద్ధతిలో, శబ్దం ఇంకో పద్ధతిలో ప్యాక్ అయి ఉంటాయి. ఈ ప్యాకింగ్ పద్ధతినే కోడెక్ అంటారు. ‘మా టీవీ ఎంపీ4 ఆడిస్తుంది, మరి ఇదెందుకు ఆడదు?’ అన్న ప్రశ్నకు జవాబు ఇదే. డబ్బా తెరిచింది, లోపలిది తెలియలేదు.

బొమ్మ ప్యాకింగ్‌లో అన్నిటికన్నా ఎక్కువ చోట్ల నడిచేది 2003లో వచ్చిన హెచ్.264. గత పదేళ్ళలో కొన్న టీవీల్లో ఇది ఆడనివి అరుదు. 2013లో వచ్చిన హెచ్.265, అంటే హెచ్‌ఈవీసీ, అదే నాణ్యతను దాదాపు సగం సైజులో ఇస్తుంది. 4కే టీవీలు దీన్ని ఆడిస్తాయి గానీ పాత హెచ్‌డీ టీవీల్లో చాలావాటికి రాదు. ఐఫోన్లు 2017 నుంచి ఈ పద్ధతిలోనే వీడియో తీస్తున్నాయి. అన్నయ్య తన ఐఫోన్‌లో తీసి పంపిన వీడియో ఇంట్లో పాత టీవీలో నల్లగా కనిపించడానికి కారణం సాధారణంగా ఇదే. ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, దాని కింద ఫార్మాట్స్‌లో ‘మోస్ట్ కంపాటిబుల్’ అని పెట్టుకుంటే, ఆ తర్వాత తీసేవి మామూలుగా హెచ్.264లో వస్తాయి. అంతకుముందు తీసినవి మాత్రం మారవు.

శబ్దం సంగతి వేరు, అసలు తంటా ఎక్కువగా అక్కడే. ఏఏసీ, ఎంపీ3 శబ్దాలు దాదాపు ప్రతి టీవీలో వినిపిస్తాయి. డీటీఎస్ అనే పద్ధతికి టీవీ కంపెనీ లైసెన్స్ డబ్బు కట్టాలి. శాంసంగ్ 2018 మోడళ్ళ నుంచి దాన్ని తీసేసింది. ఎల్‌జీ 2020లో ఆపి, 2023లో కొన్ని మోడళ్ళకు మళ్ళీ ఇచ్చింది. అందుకే పాత టీవీలో మాట వచ్చిన ఫైల్ కొత్త, ఖరీదైన టీవీలో మూగగా ఆడటం వింత కాదు. పెళ్ళి వీడియోల్లో ఇంకో కారణం ఉంటుంది. స్టూడియోవాళ్ళ మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు శబ్దాన్ని పీసీఎం అనే, నొక్కి చిన్నది చేయని రూపంలో దాస్తాయి. ఎడిటింగ్‌కు అది మంచిదే. అదే కెమెరా ఫైల్‌ను నేరుగా పెన్‌డ్రైవ్‌లో పోసి ఇస్తే టీవీ బొమ్మ చూపించి శబ్దం వదిలేయొచ్చు. అవే కెమెరాలు రంగులను 10 బిట్ అనే వివరమైన లెక్కలో తీసినప్పుడు, పేరుకు హెచ్.264 అయినా బొమ్మ కూడా రాదు.

ఫైల్‌లో ఏముందో చూడటం

కంప్యూటర్‌లో ఫైల్‌ను వీఎల్‌సీతో తెరిచి కీబోర్డ్ మీద కంట్రోల్, జె కలిపి నొక్కితే ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో వీడియో అన్న చోట కోడెక్ పేరు, ఆడియో అన్న చోట ఇంకో కోడెక్ పేరు ఉంటాయి. ఆ రెండూ కాగితం మీద రాసుకోవాలి. టీవీతో వచ్చిన పుస్తకంలోనో, కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ నంబర్ పేజీలోనో ‘సపోర్టెడ్ వీడియో ఫార్మాట్స్’ అన్న పట్టిక ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా ఎక్కడుందో తెలిసిపోతుంది. షాపులో అడిగినప్పుడు కూడా ‘వీడియో రావట్లేదు’ అనేకన్నా ‘బొమ్మ హెచ్.264, శబ్దం డీటీఎస్, టీవీలో డీటీఎస్ లేదు’ అంటే, ఎవరూ మీకు అక్కరలేని వస్తువు అంటగట్టలేరు.

టీవీకి అసలు పెన్‌డ్రైవే కనిపించకపోతే అది కోడెక్ సమస్య కాదు. పెన్‌డ్రైవ్ లోపల ఫైళ్ళు సర్దే పద్ధతుల్లో ఎఫ్‌ఏటీ32, ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్ అని మూడు ఎక్కువగా కనిపిస్తాయి. ఎఫ్‌ఏటీ32ను ఎంత పాత టీవీ అయినా చదువుతుంది గానీ, అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఎనిమిది మెగాబిట్ల వేగంతో తయారుచేసిన ఫుల్ హెచ్‌డీ వీడియో గంటా పది నిమిషాలకే ఆ హద్దు చేరుతుంది. మూడు గంటల పెళ్ళి వీడియో దాదాపు 10.8 జీబీ అవుతుంది. పెన్‌డ్రైవ్‌లో 32 జీబీ ఖాళీ ఉన్నా కంప్యూటర్ ‘ఫైల్ చాలా పెద్దది’ అని కాపీకి ఒప్పుకోకపోవడం ఇందుకే.

దీనికి రెండు దారులు. ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని దాన్ని ఎన్‌టీఎఫ్ఎస్‌లోగానీ ఎక్స్‌ఫ్యాట్‌లోగానీ ఫార్మాట్ చేసి, వీడియో కాపీ చేయడం మొదటిది. కొత్త టీవీల్లో ఈ రెండింటిలో ఒకటైనా నడుస్తుంది. టీవీ మరీ పాతదైతే ఎంకేవీటూల్‌నిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫైల్‌ను 4 జీబీ కంటే చిన్న ముక్కలు చేయొచ్చు. నాణ్యత ఏమాత్రం తగ్గదు, ముక్కలు వరుసగా ఆడించుకోవాలి, అంతే. ఫార్మాట్ అంటే పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుందని మర్చిపోవద్దు. అసలు వీడియో ఉన్న డ్రైవ్‌ను ఎప్పుడూ ఫార్మాట్ చేయకూడదు.

ఈ విషయంలో టీవీ కూడా మోసం చేస్తుంది. కొన్ని టీవీలకు కార్యక్రమాలు రికార్డ్ చేసుకునే సదుపాయం ఉంటుంది. హార్డ్‌డిస్క్ గుచ్చగానే ‘ఈ పరికరాన్ని రికార్డింగ్ కోసం సిద్ధం చేయాలా?’ అని అడుగుతుంది. పిల్లలు రిమోట్‌తో ‘ఎస్’ నొక్కారంటే డిస్క్ మొత్తం తుడిచేస్తుంది. ఒక్క నొక్కుతో ఇరవై ఏళ్ళ ఫొటోలు, వీడియోలు పోతాయి. అలాంటి ప్రశ్న ఏది వచ్చినా ‘నో’ నొక్కి, డిస్క్ తీసేయాలి. టీవీకి పెట్టేది ఎప్పుడూ కాపీయే అయితే ఈ భయమే ఉండదు.

తిరిగే హార్డ్‌డిస్క్ పెడితే టిక్ టిక్ మంటూ ఆగిపోతుంటే కరెంటు చాలడం లేదని అర్థం. పాత తరహా యూఎస్‌బీ రంధ్రం 500 మిల్లీయాంపులే ఇస్తుంది, కొన్ని డిస్కులకు 900 దాకా కావాలి. టీవీ వెనక ‘హెచ్‌డీడీ’ అని రాసిన రంధ్రం ఉంటే అందులో పెట్టి చూడాలి.

ఏమీ మార్చకుండా చూసే దారి

ఇంట్లో లాప్‌టాప్ ఉంటే ఇంత తిప్పలు అక్కర్లేదు. ఒక హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు. వందల్లో ఖర్చు, బొమ్మ, మాట రెండూ ఒకే తీగలో వెళ్తాయి. వీడియోను లాప్‌టాపే విప్పుతుంది, టీవీ ఉత్త తెరలా పనిచేస్తుంది, కాబట్టి కోడెక్ గొడవ ఉండదు. టీవీ రిమోట్‌లో సోర్స్ లేదా ఇన్‌పుట్ నొక్కి, కేబుల్ పెట్టిన హెచ్‌డీఎంఐ నంబర్ ఎంచుకోవాలి. లాప్‌టాప్‌లో విండోస్ గుర్తున్న కీతో పాటు పి నొక్కి ‘డూప్లికేట్’ ఎంచుకోవాలి. శబ్దం ఇంకా లాప్‌టాప్ నుంచే వస్తుంటే, కింద కుడివైపు స్పీకర్ గుర్తు దగ్గర టీవీ పేరు ఎంచుకుంటే హాలంతా వినిపిస్తుంది. చార్జర్ పెట్టి ఉంచడం మంచిది, లేకపోతే సరిగ్గా రుఖ్సతీ సమయానికి తెర ఆరిపోతుంది.

పాత కంప్యూటర్లకు నీలి రంగు వీజీఏ రంధ్రమే ఉంటుంది. దాంట్లో బొమ్మ మాత్రమే వెళ్తుంది. శబ్దానికి హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వేరే తీగ వేయాలి. డబ్బా టీవీ ఇంకా నడుస్తున్న ఇళ్ళలో పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులే దిక్కు. వాటికి హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే చిన్న పెట్టె కావాలి. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరు, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. కొనేముందు మీద రాసిన బాణం గుర్తు చూసుకోవాలి.

ఫోన్ నుంచి హెచ్‌డీఎంఐకి పెట్టే సీ టైప్ తీగలు కూడా అమ్ముతారు. అవి ఫోన్‌లోనే ఆ సదుపాయం ఉంటేనే పనిచేస్తాయి, తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఉండదు. షాపులోనే గుచ్చి చూసి కొనాలి.

తీగ లేకుండా పంపే పద్ధతులు మూడు. విండోస్‌లో విండోస్ కీతో కె నొక్కితే మిరాకాస్ట్ టీవీలు కనిపిస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో క్రోమ్‌కాస్ట్ గుర్తు ఉంటుంది. ఇంట్లో వైఫై రూటర్ ఉంటే డీఎల్‌ఎన్ఏ పద్ధతిలో కంప్యూటర్‌లోని ఫోల్డర్‌నే టీవీ తెరిచి చూస్తుంది. ఇంట్లో కంప్యూటర్ నుంచి టీవీకి వెళ్ళే వీడియోకు ఇంటర్నెట్ డేటా ఖర్చు కాదు, రూటర్ మధ్యలో మోసుకెళ్తుంది, అంతే. అయితే డీఎల్‌ఎన్ఏలో వీడియో విప్పేది మళ్ళీ టీవీయే, కాబట్టి పాత కోడెక్ సమస్య అలాగే ఉండొచ్చు. గోడకు గోడ తగిలిన ఇళ్ళల్లో ఇంకో జాగ్రత్త: జాబితాలో పక్కింటి టీవీ పేరు కూడా కనిపించవచ్చు. జనానా వైపు తీసిన వీడియో పొరపాటున వాళ్ళ తెర మీద పడితే ఎంత ఇబ్బందో చెప్పనక్కర్లేదు. ముందే టీవీకి సొంత పేరు పెట్టుకుంటే మేలు.

ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీ, ఫైర్ టీవీ స్టిక్ ఉన్నవాళ్ళకు ఇంకా సులువు. టీవీలోనే వీఎల్‌సీ యాప్ వేసుకుని పెన్‌డ్రైవ్‌లోని ఫైల్‌ను దాంతో తెరిస్తే, మూగగా ఉన్న చాలా ఫైళ్ళు మాట్లాడతాయి. శాంసంగ్, ఎల్‌జీ సొంత వ్యవస్థలపై నడిచే టీవీలకు ఆ యాప్ లేదు. వాళ్ళకు హెచ్‌డీఎంఐ కేబులో, మార్పిడో తప్పదు.

మార్చాల్సి వస్తే

శబ్దం ఒక్కటే సమస్య అయినప్పుడు మొత్తం వీడియోను మళ్ళీ తయారుచేయడం వృథా. అవిడెమక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిచి, వీడియో అవుట్‌పుట్ దగ్గర ‘కాపీ’ అలాగే ఉంచి, ఆడియో అవుట్‌పుట్‌ను ఏఏసీకి మార్చి, అవుట్‌పుట్ ఫార్మాట్ ఎంపీ4 పెట్టి సేవ్ చేస్తే చాలు. బొమ్మను ముట్టుకోదు కాబట్టి నాణ్యత రవ్వంత తగ్గదు. పని నిమిషాల్లో ముగుస్తుంది.

బొమ్మ కోడెక్ కూడా మార్చాలంటే హ్యాండ్‌బ్రేక్ వాడొచ్చు. ఇదీ ఉచితమే. ప్రీసెట్‌లో ‘ఫాస్ట్ 1080పీ30’ ఎంచుకుంటే ఎంపీ4 డబ్బాలో హెచ్.264 బొమ్మ, ఏఏసీ శబ్దం వస్తాయి. నాణ్యత అంకె 20 నుంచి 22 మధ్య ఉంచితే ఇంటి వీడియోకు సరిపోతుంది, అంకె తగ్గితే నాణ్యతా సైజూ రెండూ పెరుగుతాయి. మొత్తం మార్చేముందు మధ్యలోంచి రెండు నిమిషాల ముక్క మాత్రమే మార్చి టీవీలో పెట్టి చూడాలి. పాత లాప్‌టాప్‌లో మూడు గంటల వీడియోకు మూడు గంటలకన్నా ఎక్కువే పట్టొచ్చు. రాత్రంతా నడిపి, పొద్దున చూస్తే తప్పని సెట్టింగ్ అని తెలిస్తే పడే బాధ వేరు.

గూగుల్‌లో వెతికితే ‘ఆన్‌లైన్‌లో ఫ్రీగా మార్చి ఇస్తాం’ అనే వెబ్‌సైట్లు బోలెడు వస్తాయి. అందులో ఫైల్ ఎక్కించడమంటే ఇంటి ఆడవాళ్ళ వీడియోను ముక్కూమొహం తెలియని కంప్యూటర్‌కు అప్పగించడమే. వాళ్ళు దాన్ని చెరిపారో లేదో తెలుసుకునే దారి లేదు. పైన చెప్పిన సాఫ్ట్‌వేర్లు ఇంట్లోని కంప్యూటర్‌లోనే పనిచేస్తాయి, ఫైల్ గడప దాటదు. షాపుకు ఇచ్చేటప్పుడు కూడా ఇదే ఆలోచన ఉండాలి. పని దగ్గర కూర్చుని చేయించుకుని, వాళ్ళ కంప్యూటర్‌లోని కాపీని రీసైకిల్ బిన్‌తో సహా చెరిపించి లేవాలి. వాడిన పెన్‌డ్రైవ్‌ను ఊరికే డిలీట్ చేసి ఎవరికో ఇచ్చేయకూడదు. డిలీట్ చేసినవి తిరిగి బయటికి తీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు పంపే వీడియోలకు ఇంకో రకం నష్టం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది వీడియోను బాగా కుదించేస్తుంది. ఫోన్‌లో బాగానే ఉంటుంది, 43 అంగుళాల టీవీలో పెడితే మొహాలు మరకల్లా కనిపిస్తాయి. అటాచ్ గుర్తు నొక్కి ‘డాక్యుమెంట్’గా పంపితే కుదించకుండా అసలు ఫైలే వెళ్తుంది. 2022 నుంచి ఇలా 2 జీబీ దాకా పంపే వీలుంది.

సీడీలు, డీవీడీలు, బీరువాలోని క్యాసెట్లు

అసలు ఆలస్యం చేయకూడనిది ఈ విషయంలోనే. 1980లు, 90ల పెళ్ళిళ్ళు వీహెచ్‌ఎస్ క్యాసెట్లలో ఉన్నాయి. ఆ తర్వాతివి సీడీల్లో, డీవీడీల్లో ఉన్నాయి. వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జూలైలో ఆపేసింది. అంటే ఇప్పుడు నడుస్తున్న యంత్రాలన్నీ పాతవే, చెడిపోతే విడి భాగాలు దొరకడం కష్టం.

బోధన్‌లో ఇది ఇంటి సంగతితో ఆగదు. 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. శక్కర్‌నగర్ క్వార్టర్లు, క్రషింగ్ సీజన్‌లో చెరకు బండ్ల వరుసలు, గొట్టం నుంచి లేచే పొగ ఎవరి బరాత్ క్యాసెట్‌లోనైనా వెనకాల పడి ఉంటే, అవి ఇప్పుడు మళ్ళీ తీయగలిగే దృశ్యాలు కావు.

వీసీడీ అయితే పని తేలిక. కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టి తెరిస్తే ‘ఎంపీఈజీఏవీ’ అన్న ఫోల్డర్‌లో డాట్ అని ముగిసే పెద్ద ఫైల్ ఉంటుంది. దాన్ని హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, కాపీ పేరు చివరను ఎంపీజీగా మారిస్తే చాలా చోట్ల ఆడుతుంది, లేకపోతే హ్యాండ్‌బ్రేక్‌తో మార్చుకోవచ్చు. డీవీడీలో ‘వీడియో టీఎస్’ ఫోల్డర్ మొత్తం కాపీ చేయాలి. అందులో వీఓబీ ఫైళ్ళు ఒక్కోటి 1 జీబీ వరకు ముక్కలుగా ఉంటాయి. ఒకటి రెండు తీసుకుని మిగతావి వదిలేస్తే పెళ్ళి సగంలో ఆగుతుంది. హ్యాండ్‌బ్రేక్‌కు ఫోల్డర్ మొత్తం చూపిస్తే ముక్కలన్నీ కలిపి ఒకే ఎంపీ4 చేస్తుంది. ‘ఫాస్ట్ 576పీ25’ అన్న ప్రీసెట్ దీనికి సరిపోతుంది.

మొహాలు కదిలినప్పుడు దువ్వెన పళ్ళలా అడ్డగీతలు వస్తే భయపడొద్దు. పాత టీవీలకోసం ప్రతి బొమ్మనూ రెండు సగాలుగా తీసేవారు, ఇప్పటి తెరలు రెండింటినీ ఒకేసారి చూపిస్తే ఆ గీతలు కనిపిస్తాయి. ఫిల్టర్స్‌లో ‘డీఇంటర్లేస్’ పెట్టి మారిస్తే పోతాయి.

ఇక్కడ ఆశ కొంచెం తగ్గించుకోవాలి. వీసీడీ బొమ్మలో అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలే ఉంటాయి. 4కే టీవీలో 3840, 2160. వీసీడీలోని ఒక్కో చుక్కను ఎనభైకి పైగా చుక్కల మీద పరవాల్సి వస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్‌తో ‘హెచ్‌డీ చేసి ఇస్తాం’ అన్నా లేని వివరం పుట్టదు, కొన్ని కృత్రిమ మేధ యాప్‌లు ఊహించి నింపేస్తాయి. అలా నింపిన మొహం దాదా మొహంలా ఉండకపోవచ్చు. చిన్న తెర మీదో, కొంచెం దూరం కూర్చునో చూడటమే మంచి మార్గం.

క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి నడిచే వీసీఆర్, దాని పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు తగిలించే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం కావాలి. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలు కూర్చోవాల్సిందే, దగ్గరి దారి లేదు. ముందు క్యాసెట్ మూత ఎత్తి రీలు చూడాలి. తెల్లటి బూజు కనిపిస్తే యంత్రంలో పెట్టొద్దు. రీలు అతుక్కుని తెగుతుంది, ఆ బూజు యంత్రానికి అంటుకుని తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. అలాంటిదాన్ని బూజు శుభ్రం చేయడం వచ్చినవాళ్ళకే ఇవ్వాలి. సీడీలు కూడా చిరకాలం ఉండవు. ఒకచోట ఆగిపోతే మళ్ళీ మళ్ళీ ఆడించకుండా, వేరే డ్రైవ్‌లో పెట్టి కాపీకి ప్రయత్నించాలి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకొకటి చదవడం మామూలే.

ఎక్కించాక ఒక కాపీ ఇంట్లోని హార్డ్‌డిస్క్‌లో, రెండోది వేరే ఊళ్ళోని బంధువుల ఇంట్లో ఉంచాలి. జెడ్డాలోనో షార్జాలోనో ఉన్న కొడుకు లాప్‌టాప్‌లో మూడోది ఉంటే ఇంకా మంచిది. పెన్‌డ్రైవ్ టీవీలో చూడటానికే, దాచడానికి కాదు.

అక్షరాలు డబ్బాలైతే

బయాన్లకో, డాక్యుమెంటరీలకో ఉర్దూ లేదా తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకునేవాళ్ళకు వచ్చే చిక్కు ఇది. పెద్దలు ఉర్దూ చదువుతారు, పిల్లలు తెలుగు. ఎస్‌ఆర్‌టీ ఫైల్‌కు వీడియో పేరే పెట్టి అదే ఫోల్డర్‌లో ఉంచాలి, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8 ఎంచుకోవాలి. అయినా టీవీలో ఆ లిపి ఫాంట్ లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి, తెలుగు వత్తులు విడిపోతాయి, ఉర్దూ వాక్యం చివర చుక్క ముందుకొస్తుంది. హ్యాండ్‌బ్రేక్‌లో సబ్‌టైటిల్‌ను ‘బర్న్’ చేస్తే అక్షరాలు బొమ్మలో భాగమైపోతాయి, ఏ టీవీలోనైనా ఒకేలా కనిపిస్తాయి.

స్టూడియోకు ముందే చెప్పాల్సింది

ఇంట్లో పెళ్ళి కుదిరిందంటే ఈ తిప్పలన్నీ ఒక్క కాగితంతో తప్పుతాయి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే బిల్లు మీద రాయించుకోవాలి: ఎడిట్ చేసిన వీడియో ఎంపీ4లో, బొమ్మ హెచ్.264, 8 బిట్, 1080పీ, శబ్దం ఏఏసీ. కెమెరా నుంచి వచ్చిన అసలు ఫుటేజ్ వేరే హార్డ్‌డిస్క్‌లో ఇవ్వాలి, అది దాచుకోవడానికి. జనానా భాగం వేరే ఫైల్‌గా కావాలని, ఇచ్చాక తమ దగ్గర ఎన్నాళ్ళు ఉంచుతారో, యూట్యూబ్‌లోగానీ నమూనాలుగా గానీ చూపించబోమని కూడా రాయించుకోవచ్చు. మిగతా డబ్బు చేతికిచ్చే ముందు పెన్‌డ్రైవ్‌ను ఇంటికి తెచ్చి, స్టూడియో మానిటర్ మీద కాకుండా సొంత టీవీలో పెట్టి మూడు చోట్ల చూడాలి. మొదటి నిమిషం, ఈజాబ్-ఖుబూల్ ఉన్న చోటు, ఆఖర్న రుఖ్సతీ. మూడు చోట్లా మాట వినిపిస్తే డబ్బు ఇచ్చేయొచ్చు.